ఆధార్ వేరు, పౌరసత్వం వేరు

2020 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం 127 మందికి నోటీసులు పంపింది. పౌరసత్వం నిరూపించుకోవాలని అందుకున్నవారిలో ఒక ఆటో డ్రైవరూ ఉన్నారు. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. దరఖాస్తుకు ముందటి 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ నివసించడమే ఆ చట్టం పెట్టిన అర్హత. మరి పౌరసత్వాన్ని విచారించే అధికారం ఆ సంస్థకు ఎక్కడిది? విమర్శలు రాగానే, పోలీసుల నివేదిక మేరకే నోటీసులిచ్చామనీ, ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదనీ సంస్థే వివరణ ఇచ్చుకుంది.

తోటపల్లి గూడూరు మండలంలో రేషన్ కోసం వేలిముద్ర వేసే మన పెద్దలకూ ఈ తేడా తెలియాలి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అడిగేవారుంటేనే హక్కు నిలుస్తుంది. నోటీసు వస్తే గడువులోగా జవాబిద్దాం. ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాతపూర్వకంగా తెలుపమని కోరుదాం.