రెండోసారి వచ్చిన దూత

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు నెవార్క్ నగరంలో న్యూ హోప్ బాప్టిస్టు చర్చి ఉంది. అక్కడి గాయక బృందాన్ని నడిపిన సిస్సీ హ్యూస్టన్ కూతురు విట్నీ చిన్నతనంలో ఆ చర్చిలోనే పాడింది. 1985లో తొలి ఆల్బమ్ వచ్చాక ఆ గొంతు లోకమంతా మార్మోగింది. వరుసగా 7 పాటలు అమెరికాలో మొదటి స్థానానికి చేరాయి. 1992లో 'ది బాడీగార్డ్' సినిమాకు ఆమె పాడిన పాట 14 వారాలు అగ్రస్థానంలో నిలిచింది.

అదే ఏడాది గాయకుడు బాబీ బ్రౌన్‌తో ఆమె పెళ్లయింది. ఆ కాపురంలోని కలతలు, మత్తుమందుల వ్యసనం ఏళ్ల తరబడి పత్రికలకెక్కాయి. 2007లో విడాకులయ్యాయి. 2009లో కొత్త ఆల్బమ్ మళ్లీ మొదటి స్థానం పొందింది. ఆ ఏడాదే టీవీలో ఓప్రా విన్‌ఫ్రే ఎదుట తన వ్యసనం గురించీ, కాపురం గురించీ మాట్లాడింది. ఇక గండం గడిచినట్టే కనిపించింది. అయితే 2011లో ఆమె తిరిగి చికిత్సకు వెళ్లింది. 2012 ఫిబ్రవరి 11న హోటల్ గదిలో స్నానపు తొట్టిలో మునిగి మరణించింది. గుండెజబ్బు, కొకైన్ కూడా కారణాలని పరీక్షల్లో తేలింది. అప్పటికి వయసు 48. బాల్యంలో పాడిన ఆ చర్చిలోనే ఆమె అంత్యక్రియల ఆరాధన జరిగింది.

'లోకం వెంట పోతే అంతే' అనడం మనకు తేలిక. కానీ పడిపోయాక మళ్లీ చికిత్సకు వెళ్లిన ఆమెలో నాకు ఓటమి కాదు, లేవాలన్న ఆరాటం కనిపిస్తుంది.

కర్మెలు పర్వతం మీద దేవుని అగ్నిని చూసిన ఏలీయా ఆ వెంటనే బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దూత తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ప్రవక్త తిని, తాగి మళ్లీ పడుకున్నాడు. దూత విసుక్కోలేదు, గద్దించలేదు. రెండోసారి వచ్చి, తట్టి, ముందున్న ప్రయాణం చాలా దూరమని చెప్పి మళ్లీ తినమన్నాడు. మన దేవుడు రెండోసారి కూడా వచ్చే దేవుడు.

మరి మనం? తాగుడు మానిన సహోదరుణ్ణి మొదటి ఆదివారమే సాక్ష్యానికి నిలబెడతాం. ఆరు నెలలకు మళ్లీ తాగితే అతని గుమ్మం తొక్కం. భర్త కొడుతున్నాడని ఏడుస్తూ వచ్చిన సహోదరికి ప్రార్థన చేసి, 'సర్దుకుపో అమ్మా' అని పంపేస్తాం. ఆమె రెండోసారి వస్తే ముఖం చిట్లిస్తాం. నేనూ అలా పంపినవాడినే. ఆ తలంపు ఇప్పటికీ నన్ను గద్దిస్తూనే ఉంది.

వ్యసనానికి వైద్యం చేయించుకోవడం అవిశ్వాసం కాదు. దెబ్బలు తినే స్త్రీకి మొదట క్షేమమైన చోటు చూపడం వాక్యానికి విరోధం కాదు. ఒకరి భారాలు ఒకరు మోయమని గలతీ సంఘానికి రాసిన పౌలు, ఎన్నిసార్లని లెక్క చెప్పలేదు. కొన్ని వారాలుగా ఆరాధనలో కనిపించని వారెవరో మనకు తెలుసు. ఈ వారం ఆ ఇంటి తలుపు రెండోసారి తడదాం.