సంతకం అడిగేవాళ్ళు, చదవనివ్వనివాళ్ళు

మా అమ్మకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద అరవై సెంట్ల కొబ్బరితోట ఇచ్చారు. పాలకొల్లు ఊరి చివర, కాలువ గట్టుకి ఆనుకుని ఉంటుంది. ఆ తోట మీద వచ్చిన కాయల డబ్బు అమ్మ చేతికి వచ్చింది తక్కువ, నాన్న చేతికి వెళ్ళింది ఎక్కువ. అయినా "నా తోట" అనే మాటను మాత్రం ఆమె చివరిదాకా వదులుకోలేదు. నాన్న ముందే పోయారు. అమ్మ పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు ఆ తోటకి వారసులం ముగ్గురం. నేను, చెల్లి, తమ్ముడు.

పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్ళాను. కనుమ నాడు భోజనాలయ్యాక తమ్ముడు ఒక కాగితాల కట్ట తెచ్చి నా ముందు పెట్టాడు. తోటలో అపార్టుమెంటు కట్టడానికి ఒక బిల్డరు ముందుకొచ్చాడట. "మామూలు కాగితాలే అక్కా. ఎల్లుండి రిజిస్ట్రారాఫీసుకొచ్చి వేలిముద్ర వేసేస్తే నీ పని అయిపోయినట్టే. ఈలోగా ఇక్కడ సంతకాలు పెట్టేయ్" అన్నాడు. పెన్ను మూత కూడా తనే తీసి ఇచ్చాడు.

ఇరవై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల ఊళ్ళలో "చదవకుండా సంతకం పెట్టకండి" అని చెబుతూ తిరిగినదాన్ని నేను. సిగ్గు విడిచి ఒక నిజం చెబుతున్నాను. మొదటి రెండు పేజీల కింద సంతకం పెట్టేశాను. మూడో పేజీ దగ్గర చెయ్యి ఆగింది. అక్కడ నా పేరు పక్కన "వీరి తరఫున" అని తమ్ముడి పేరు ఉంది.

"రాత్రికి ఉంచు, చదివి ఇస్తాను" అన్నాను. ఇంట్లో ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. "నా మీద నమ్మకం లేదా అక్కా?" అన్నాడు తమ్ముడు. "మీ తమ్ముడు మిమ్మల్ని మోసం చేస్తాడా వదినగారూ?" అంది మరదలు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఎందుకంటే అది ఆస్తి గురించి అడిగిన ప్రశ్న కాదు. పుట్టిల్లు కావాలా, వాటా కావాలా తేల్చుకోమని అడిగిన ప్రశ్న. మనలో ఎంతమంది ఈ ప్రశ్న ముందు తలవంచి సంతకాలు పెట్టి వచ్చామో లెక్క తీస్తే ఈ పత్రిక పేజీలు చాలవు.

స్త్రీల ఆస్తి హక్కు గురించి మనం ఎన్నో సదస్సులు పెట్టుకున్నాం. 1956 హిందూ వారసత్వ చట్టం స్త్రీకి తన ఆస్తి మీద సంపూర్ణ హక్కు ఇచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రం చట్టాన్ని సవరించుకుంది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు వర్తించింది. 2005లో కేంద్రం చేసిన సవరణతో పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మా తోటకి ఇవేవీ అక్కరలేదు. వీలునామా రాయకుండా పోయిన తల్లి సొంత ఆస్తి కొడుకులకీ కూతుళ్ళకీ సమానంగా వస్తుందన్నది 1956 నుంచీ ఉన్నదే.

అంటే హక్కు సంపాదించే పోరాటం చాలావరకు గెలిచాం. ఆ గెలిచిన హక్కు ఇప్పుడు ఎక్కడ చేజారుతోంది? కోర్టులో కాదు. దస్తావేజు లేఖరి బల్ల దగ్గర చేజారుతోంది. భూమి ధర పెరిగిన ప్రతిచోటా ఆడపిల్లల సంతకాల అవసరమూ పెరిగింది. ఒకప్పుడు పట్టించుకోని అక్కచెల్లెళ్ళని ఇప్పుడు కారు పంపించి మరీ పిలిపిస్తున్నారు. కొనేవాడికీ, కట్టేవాడికీ, అప్పిచ్చే బ్యాంకుకీ లొసుగు లేని హక్కు కావాలి కాబట్టి. చట్టం మనకి వాటా ఇచ్చింది. బజారు మన దగ్గర సంతకం మాత్రం తీసుకుంటోంది.

ఆ సంతకాలు సాధారణంగా మూడు రకాల కాగితాల మీద పెట్టిస్తారు. మొదటిది హక్కు విడుదల దస్తావేజు. దాని మీద సంతకం పెడితే మన వాటా అన్నదమ్ముల పాలవుతుంది. చీర పెట్టారనో, పెళ్ళికి కట్నం ఇచ్చారు కదా అనో రాయిచ్చేస్తాం. కట్నం మన చేతికి రాలేదనీ, అత్తవారి చేతికి వెళ్ళిందనీ ఆ క్షణంలో ఎవరికీ గుర్తు రాదు.

రెండోది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అందరూ జీపీఏ అనేది. జీపీఏ ఇచ్చినంత మాత్రాన యాజమాన్యం బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన కార్యకర్తలు చాలామంది ఈ తీర్పు చూపించి ధైర్యం చెబుతుంటారు. కానీ అదే తీర్పులో, భూమి యజమాని బిల్డరుతో ఒప్పందం చేసుకుని నిజాయితీగా ఇచ్చిన పవరుకు ఇది అడ్డురాదని కూడా రాసి ఉంది. పైగా పవరు పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలో ప్రయోజనం ఉంటే, అతనికి నష్టం కలిగేలా ఆ పవరును రద్దు చేయడానికి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షను ఒప్పుకోదు. "నచ్చకపోతే రేపు క్యాన్సిల్ చేసుకోవచ్చు లెండి" అని ఎవరైనా అంటే నమ్మకండి.

మూడోది నా ముందుకొచ్చిన కాగితం. డెవలప్‌మెంట్ అగ్రిమెంటూ జీపీఏ రెండూ కలిపి ఒకే దస్తావేజు. ఆ రాత్రి కూర్చుని ఇరవై రెండు పేజీలూ చదివాను. మా ముగ్గురికీ వచ్చే ఫ్లాట్లన్నీ తమ్ముడే స్వాధీనం చేసుకుంటాడని ఉంది. ఏ ఫ్లాటు ఎవరిదో ఎక్కడా లేదు. ఎన్నాళ్ళలో కట్టాలో ఉంది గానీ, కట్టకపోతే ఏం చేయాలో లేదు. మొత్తం అరవై సెంట్లనూ బ్యాంకులో తాకట్టు పెట్టుకునే అధికారం బిల్డరుకి ఉంది. అతను అప్పు తీర్చకపోతే పోయేది మా అమ్మ తోట.

ఇంకొక సంగతి ఆ కాగితంలో లేదు, చట్టంలో ఉంది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం, అంటే రెరా ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఎనిమిది ఫ్లాట్లకు మించి కడుతుంటే రిజిస్ట్రేషను తప్పనిసరి. 500 మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. కొనేవాళ్ళ దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం విడిగా ఒక ఖాతాలో ఉంచి, ఆ భూమికీ కట్టడానికీ మాత్రమే వాడాలి. ఇది మంచిదే. అయితే కట్టేవాడు ఒకరూ అమ్మేవాడు ఒకరూ అయితే ఇద్దరినీ ప్రమోటర్లుగానే చూడాలని అదే చట్టం అంటుంది. తన వాటా ఫ్లాటు అమ్ముకున్న భూయజమాని మీద కూడా బాధ్యత పడుతుందన్నమాట. ఫ్లాటు ఏదో తెలియని అక్క, లాభం ముఖం చూడని చెల్లెలు, రేపు కొన్నవాళ్ళు ఫిర్యాదు చేస్తే కాగితం మీద ప్రమోటర్లు!

చదువురాని స్త్రీ, పరదా చాటు స్త్రీ సంతకం పెడితే, ఆమెకు అర్థమయ్యే పెట్టిందని రుజువు చేయాల్సిన భారం లాభం పొందినవాళ్ళదేనని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. కానీ ఆ రక్షణ కోర్టు మెట్లెక్కిన తరవాతే. సబ్ రిజిస్ట్రారు అడిగేది "ఈ సంతకం మీదేనా?" అని. "ఇందులో ఏముందో మీకు తెలుసా?" అని కాదు. మరి నాలా చదువుకున్నవాళ్ళ సంగతేమిటి? మాకు ఆ పరదా కూడా లేదు. మా పరదా మొహమాటం.

ఇంతవరకూ భూమి ఉన్న స్త్రీల సంగతి. డెల్టాలో భూమి వినియోగం మారితే భూమి లేని స్త్రీ సంగతి ఇంకా ముందు అడగాలి. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళే ఆడవాళ్ళకు చేను ప్లాట్లయితే పని పోతుంది. కౌలుకి చేసే కుటుంబానికి కౌలు పోతుంది. 2019 చట్టం ఇచ్చే సాగుదారు కార్డు పదకొండు నెలలదే, అదీ యజమాని సంతకం పెడితేనే. ఒక చేను మెరక చేసి ప్లాట్లు వేస్తే పక్క చేలోని నీళ్ళు ఎటు పోవాలి? పంట బోదె పూడ్చేస్తే దిగువ రైతుకి నీళ్ళెలా వస్తాయి? ఈ పల్లపు నేలలో ఒకరి మెరక ఇంకొకరి ముంపు.

ప్రభుత్వం భూమి సేకరిస్తే 2013 చట్టం, మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడ్డ కౌలుదార్లనూ కూలీలనూ కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. 2015లో అమరావతి భూసమీకరణలో భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. అది చాలిందా లేదా అన్నది వేరే చర్చ, కనీసం వాళ్ళు ఉన్నారని ఒప్పుకున్నారు. మన ఊళ్ళలో చేలు ఎకరం ఎకరంగా లేఅవుట్లుగా మారుతుంటే ఆ మాత్రం కూడా లేదు. 2006లో వచ్చిన వ్యవసాయ భూమి మార్పిడి చట్టం, అందరూ నాలా అనేది, యజమాని దరఖాస్తునీ రుసుమునీ చూసిందే గానీ ఆ చేలో వంగి పనిచేసినవాళ్ళని చూడలేదు. 2025లో ఆ చట్టాన్నే రద్దు చేశారు. పని సులువైందని వ్యాపారులు సంతోషించారు. ఆ రుసుమును ఇప్పుడు అనుమతులతో కలిపి వసూలు చేస్తున్నారు. కూలి స్త్రీని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగడం లేదు.

అడగకపోతే తామే అడుగుతామని 2016లో మనకి దగ్గర్లోనే, భీమవరం పక్క తుందుర్రు, జొన్నలగరువు, బేతపూడి స్త్రీలు చూపించారు. ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలతో తమ నీళ్ళు పాడవుతాయని రోడ్డెక్కారు. 144వ సెక్షను పెట్టినా, అరెస్టులు చేసినా వెనక్కి తగ్గలేదు. వాళ్ళు ఏ దస్తావేజులోనూ పార్టీలు కారు. అయినా పక్కవాడి భూమిలో ఏం జరుగుతుందో అడిగే హక్కు తమకుందన్నారు. ఆ హక్కు న్యాయమైనదే.

ఇది చదివి, తోటలు అమ్మొద్దనీ ఇళ్ళు కట్టొద్దనీ నేనంటున్నానని అనుకోవద్దు. 1996 నవంబరు తుపానులో మొదళ్ళతో సహా కూలిన కొబ్బరిచెట్లని చూసినవాళ్ళం. కాయ ధర దింపు కూలికి చాలని రోజులూ చూశాం. తన పేరు మీద ఒక ఫ్లాటు ఉండడం స్త్రీకి ఎంత ధైర్యమో, అర్ధరాత్రి ఇంట్లోంచి గెంటేయబడ్డవాళ్ళని చేరదీసిన మనకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ ఫ్లాటు నిజంగా ఆమె పేరు మీద ఉండాలంటున్నాను.

మనం ఏం అడగాలి? డెవలప్‌మెంట్ ఒప్పందం, జీపీఏ, హక్కు విడుదల, ఏదైనా సరే, రిజిస్ట్రేషనుకి కనీసం వారం ముందు తెలుగు ప్రతి ప్రతి వాటాదారు చేతికీ రావాలి. సబ్ రిజిస్ట్రారు స్త్రీని ఒంటరిగా కూర్చోబెట్టి ముఖ్యమైన షరతులు చదివి వినిపించాలి. ఎవరి వాటాకి ఏ ఫ్లాటో దస్తావేజులోనే రాయాలి. సాగుభూమిని లేఅవుటుగా మార్చే ముందు గ్రామసభలో కౌలుదార్లనూ కూలీలనూ, పక్క చేలవాళ్ళనూ అడగాలి. ఇవి సాధించేలోపు మన సంఘాలు చేయగలిగింది ఒకటుంది. నెలకొక రోజు కాగితాలు చదివే రోజు పెట్టుకుందాం. ఎవరికి ఏ కాగితం వచ్చినా తెచ్చుకుని, వకీలు తెలిసిన అక్కయ్యతో కలిసి చదువుకుందాం. "సంఘంలో చూపించి ఇస్తాను" అనే మాట ఉంటే, తమ్ముడికి జవాబు చెప్పే భారం ఒక్క ఆడమనిషి మీద పడదు.

మర్నాడు నేను తమ్ముడికి నాలుగు మార్పులు రాసిచ్చాను. ఎవరి ఫ్లాట్లు వారి పేర రాయాలి. గడువు దాటితే నెలనెలా అద్దె ఇవ్వాలి. మా వాటా తాకట్టు పెట్టకూడదు. నా తరఫున ఎవరూ వద్దు, నేనే ఉంటాను. మొదటి రెండింటికీ బిల్డరు ఒప్పుకున్నాడట. ఆ మాట తమ్ముడు చెల్లితో చెబితే చెల్లి నాకు చెప్పింది. "నేను సంతకం పెట్టేస్తానక్కా, వాడితో గొడవ నాకొద్దు" అని కూడా అంది. దాన్ని తప్పు పట్టలేను. దానికి పుట్టిల్లు నాకంటే ఎక్కువ అవసరం.

ఇది రాసేనాటికి నేను సంతకం పెట్టలేదు. తమ్ముడు ఫోను చేయడం మానేశాడు. ఉగాదికి పిలుపు రాలేదు. తోట మాత్రం అలాగే ఉంది. మొన్న వెళ్ళి చూసి వచ్చాను. కాయలు దింపించిన మనిషి అలవాటు కొద్దీ "అమ్మగారి తోట" అన్నాడు. ఆ మాట దస్తావేజులో కూడా అలాగే నిలవాలని తప్ప నేను వేరే అడగడం లేదు.