ఉలకని పలకని పెట్టె



మొన్న ఒక ఆదివారం పొద్దుగూకే వేళ మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే కుర్రాడొకడు మా ఇంటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్ళిపోడు. "ఏమిరా?" అని అడిగేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"సార్, అక్క కంప్యూటరు ఖరాబు చేసిన. దాని మెమరీ పోయింది. అక్క నాలుగు నెలల సంది రాసిందంతా అందులోనే ఉంది. రేపే కాలేజీల ఇయ్యాలె. నాయినకు చెప్పకండి సార్!" అన్నాడు.

సంగతి ఏమంటే, ఆ కంప్యూటరు పాతది. నత్తలాగా నడిచేది. అక్క సంతోషిస్తుందని వీడు తాను దాచుకున్న డబ్బుతో మెమరీ పట్టీ ఒకటి కొనుక్కొచ్చాడు. అక్కా, నాయినా పెళ్ళికని మహేశ్వరం వెళ్ళిన సమయం చూసి, పెట్టె విప్పి, పాత పట్టీ పక్కన ఖాళీగా ఉన్న గాడిలో కొత్తదాన్ని దూర్చి స్విచ్చి వేశాడు. పంకా తిరిగింది. దీపం వెలిగింది. తెర మాత్రం నల్లగా ఉండిపోయింది.

మెమరీ అనే మాటే వాణ్ణి బెదరగొట్టింది. కంప్యూటరుకు రెండు రకాల జ్ఞాపకాలున్నాయి. ఈ పట్టీలో ఉండేది పలకవంటిది. పని జరుగుతున్నంతసేపూ కంప్యూటరు దానిమీద లెక్కలు వేసుకుంటుంది. కరెంటు ఆగిందంటే పలక తుడిచినట్టే. రెండవది డిస్కు. అది నోటుపుస్తకం. అక్క రాసి దాచినది అందులో ఉంటుంది. పలక పగిలితే నోటుపుస్తకంలో రాత చెరిగిపోతుందా? ఈ మాట చెప్పాక వాడికి కాస్త ఊపిరి వచ్చింది.

(పూర్వం పలక ఇంత మతిమరుపుది కాదు. 1960లో బొంబాయిలో టాటా పరిశోధన సంస్థవారు తయారుచేసిన టిఫ్రాక్ అనే కంప్యూటరులో మెమరీ అంటే తీగలకు గుచ్చిన చిన్న చిన్న అయస్కాంతపు ఉంగరాలు. కరెంటు పోయినా అవి గుర్తులు మరచిపోవు. కాని దాని మెమరీ మొత్తం 81,920 గుర్తులే! మనవాడు కొన్న 8 జీబీ పట్టీలో సుమారు 6,870 కోట్ల గుర్తులు పడతాయి. ఇటువంటి చిప్పుల కర్మాగారాలు మన తుక్కుగూడ పక్కనే, రావిర్యాల దగ్గర, ఫ్యాబ్ సిటీ అనే పేరుతో పెట్టాలని 2006లో తలపెట్టారు. వేరే కర్మాగారాలు వచ్చాయి గాని, చిప్పులు రాలేదు. పట్టీ కావలసినవాళ్ళు ఇప్పటికీ సికింద్రాబాదులో చినాయ్ ట్రేడ్ సెంటరు కొట్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు.)

మరి తెర ఎందుకు వెలగలేదు? 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచినప్పటినుంచీ మన నెత్తిమీద విమానాలు తిరుగుతూనే ఉన్నాయి గదా. ఎగిరేముందు పైలటు జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసుకుంటాడు. ఏది తేడాగా ఉన్నా విమానం కదలదు. కంప్యూటరు కూడా స్విచ్చి వేయగానే తన్ను తాను పరీక్షించుకుంటుంది. పలక సరిగా లేకపోతే అక్కడే ఆగిపోతుంది. నోటుపుస్తకం తెరిచేదాకా పోనే పోదు.

నేను వాడి వెంట వెళ్ళాను. మొదట గోడనుంచి తీగ పీకేశాము. నైలాను చొక్కా విప్పేటప్పుడు చిటపటమంటుంది చూశారూ, ఆ విద్యుత్తు చాలు చిప్పును చంపటానికి. అందుచేత పెట్టె ఇనుప రేకును చేత్తో తాకి, తరవాతనే లోపల చెయ్యి పెట్టాము. కొత్త పట్టీ డీడీఆర్3 రకమే. ఆ బోర్డుకు సరిపోయేదే. డీడీఆర్4 అయితే నొక్కు మరోచోట ఉంటుంది, గాడిలో దిగదు. అది 1.2 వోల్టులతో పనిచేస్తుంది, ఇది 1.5 వోల్టులతో. దిగనిదాన్ని బలవంతాన దింపకూడదు సుమా!

కొత్తది తీసేసి పాతదానితోనే స్విచ్చి వేశాము. తెర నల్లగానే ఉంది! నిజం చెప్పవద్దూ, నేనూ గతుక్కుమన్నాను. కుర్రాడు గోడకు ముఖం తిప్పుకున్నాడు.

మళ్ళీ తీగ పీకి, ఈసారి పాతది కూడా తీసేసి, అసలు పలకే లేకుండా స్విచ్చి వేశాము. కీక్, కీక్, కీక్ మని అరిచింది! కుర్రాడు హడలిపోయాడు గాని, నాకు ప్రాణం లేచివచ్చింది. అరిచిందంటే బోర్డు బతికే ఉన్నదన్నమాట. పలక లేదని మొరపెట్టుకుంటున్నది.

పాత పట్టీని దీపం దగ్గర పెట్టి చూశాము. బంగారు పూత పళ్ళు మసిబారి ఉన్నాయి. మన రోడ్డు దుమ్ము సంగతి మీకు తెలియంది కాదు. పెన్సిలు రబ్బరుతో మెల్లిగా రుద్ది, పొడి దులిపి, రెండు కొనలా టక్కుమనేదాకా నొక్కాము. తెర వెలిగింది! కొత్తదాన్ని దూర్చేటప్పుడు వాడి చెయ్యి తగిలి పాతది ఒక పక్క లేచినట్టుంది. నేరం కొత్తదానిది కానే కాదు.

కుర్రాడు వెంటనే రెండూ పెట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. కొత్తది ఒక్కటీ పెట్టి చూశాము; వెలిగింది. ఆ తరవాతనే రెండూ పెట్టాము. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది చెడగొట్టిందో, ఏది బాగుచేసిందో ఎలా తెలుస్తుంది? (డీడీఆర్5 వాడే కొత్త కంప్యూటర్లు పట్టీ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు తెర వెలగకుండానే పని చేసుకుంటాయి. తొందరపడి ఆర్పెయ్యకండి.)

తొమ్మిది గంటలకు అక్కా, నాయినా వచ్చారు. కుర్రాడు నా వెనక దాక్కోకుండా జరిగినదంతా తానే చెప్పాడు. నాయిన ఏమీ అనలేదు. అక్క ఫైలు తెరిచి, చివరి పేజీదాకా చూసుకుని నవ్వింది.

"ఇంత విలువైనదానికి మరో ప్రతి దాచుకోవాలమ్మా," అన్నాను.

"ఉన్నది సార్. పెన్ డ్రైవుల వేసుకొని ఎప్పుడూ సంచిలనే పెట్టుకుంట," అన్నది.

అప్పుడు తమ్ముడి ముఖం మీరు చూడవలసింది!