ఫిర్యాదు చేసిన రోజే గడువు ఆగాలి

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి,

ఆన్‌లైన్‌లో కొన్న మా మిక్సీ మినప్పప్పు రుబ్బుతుండగానే మాడు వాసన కొట్టి ఆగిపోయింది. వాపసు గడువులోపే ఫిర్యాదు చేశాం. టెక్నీషియన్ చూశాకే వాపసు అన్నారు. అతను వచ్చేసరికి గడువు దాటిపోయి, యాప్‌లో ‘రిటర్న్’ బటన్ లేదు. ఇక సర్వీస్ సెంటర్‌కు మోసుకెళ్లమన్నారు. ఇది అన్యాయం కాదా?

బిల్లులో గడువు రాయకపోతే, లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. రాస్తే ఆ గడువే చెల్లుతుంది. అమ్మకందారులకు దొరికిన సందు ఇదే. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు పిల్లలు పంపిన సామాను సంగతి మరీ ఘోరం. పెట్టె విప్పేలోపే గడువు తీరిపోతుంది.

ఫిర్యాదు నంబరు ఇచ్చిన క్షణమే గడువు ఆగాలని ఆదేశించండి. టెక్నీషియన్ ఆలస్యానికి కొన్నవాళ్లను బలిచేయనివ్వకండి.

ఇట్లు,
ఒక గృహిణి, విజయవాడ