గాలి లెక్క మనమూ నేర్వాలి



ఉరవకొండ వైపు బస్సులో పోతే గాలిమరలు కనిపిస్తాయి. మాకు తెలిసిన ఊళ్ల పిల్లలు కొందరు ఆ మరల దగ్గర కాపలా పనికి కుదిరారు. ఏ మర ఎక్కడ నిలపాలో లెక్క వేసే చోట మనవాళ్లు ఎందరు? ఈ ప్రశ్నే మా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తోంది.

కళ్లంలో తూర్పార పట్టేటప్పుడు గాలికి అడ్డం నిలబడితే మా పెద్దవాళ్లు కసిరేవారు. మరల సంగతీ అంతే. ముందున్న మర గాలిలోని శక్తిని కొంత లాగేసుకుంటుంది. దాని వెనక గాలి నెమ్మదించి సుడులు తిరుగుతుంది. దీన్నే వేక్ అంటారు. 1983లో డెన్మార్క్‌లో ఎన్.ఓ. జెన్సెన్ దీనికి ఒక తేలికైన సూత్రం ఇచ్చాడు. వర్గం, వర్గమూలం వచ్చిన పదో తరగతి పిల్లవాడికి అది అందుతుంది.

మేము ఆ సూత్రాన్ని ఎక్సెల్‌లో వేసి చూశాం. థ్రస్ట్ గుణకం 0.8, వేక్ విస్తరణ 0.075, గాలి వేగం సెకనుకు 10 మీటర్లు అనుకున్నాం. సరిగ్గా వెనకనున్న మర, రెక్కల చక్రం వ్యాసానికి 4 రెట్ల దూరంలో ఉంటే దానికి అందే గాలి 7.8 మీటర్లే. 7 రెట్లయితే 8.7, 10 రెట్లయితే 9.1. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని బట్టి మారుతుంది. అందుకే 4 రెట్ల దూరంలో సగానికి పైగా, 7 రెట్ల దూరంలోనూ మూడో వంతుకు పైగా శక్తి తగ్గింది.

కంప్యూటర్ లెక్క నిజమైన గాలి అవుతుందా అని కొందరు అడుగుతారు. కాదు. జెన్సెన్ సూత్రం సుడులను పట్టించుకోదు. వేక్ నడుమ, అంచున ఒకే వేగం ఉంటుందనుకుంటుంది. ఆ లోపం తెలుసుకోవడమూ చదువే. గాలి సొరంగం కట్టే స్తోమత మన హాస్టల్‌కు లేదు. ఈ లెక్కకు పాత కంప్యూటర్ ఒకటి చాలు. తర్వాత అమెరికాలోని ఒక జాతీయ ప్రయోగశాల తయారుచేసిన ఫ్లోరిస్ ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుంది.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా ముందుగా చూసింది మేమే. పీజీలో చేరిన కొత్తలో సిమ్యులేషన్ అన్న మాటకే జడిసి వెనక బెంచీలో కూర్చున్నాం. ఆ భయం మీకు రాకూడదు.

వార్డెన్ గారికీ, పూర్వ విద్యార్థులైన అన్నలకూ ఒక విన్నపం. హాస్టల్‌కు ఒక కంప్యూటర్ ఇప్పించండి. ఆదివారం రెండు గంటలు నేర్పడానికి మేము వస్తాం. కాపలా పని తక్కువదని మా ఉద్దేశం కాదు. లెక్క వేసే కుర్చీలోనూ మన తమ్ముళ్లు కూర్చోవాలి.