ముందు వరుసలో ఆడవాళ్లు

గిటారు ఉండదు. రంగు లైట్లూ పెద్దగా ఉండవు. మైకు పాట మధ్యలో కుయ్‌మంటుంది. అయినా డప్పు మీద మొదటి దెబ్బ పడిందంటే హోటల్లో చాయ్‌ తాగేవాడు గ్లాసుతో సహా బయటికి వచ్చేస్తాడు!

హైదరాబాద్‌ నుంచి నాగపూర్‌ రోడ్డు మీద ఓ 50 కిలోమీటర్లు వెళితే తూప్రాన్‌. అదే దారిలో ఇంకా ముందుకెళితే కామారెడ్డి. 2002లో తెలంగాణ ధూంధాం మొదలైంది అక్కడే. తర్వాత రాష్ట్రం వచ్చేదాకా ఈ దారి పక్క ఊళ్లకు ధూంధాం రాత్రులు కొత్త కాదు. తొమ్మిదింటికి అంటే పదిన్నరకు మొదలు. మగవాళ్లు అర్ధరాత్రి దాకా ఉంటారు. ఆడవాళ్లు మాత్రం ఓ పక్కన కూర్చుని, రెండు పాటలు విని లేస్తారు. పొద్దున్నే వాకిలి ఊడ్చేది వాళ్లే కదా మరి.

అలాంటి వేదిక మీదికి భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలతో విమలక్క వస్తే... లేవబోయినవాళ్లు మళ్లీ కూలబడతారు. ఊరి నడిమధ్యలో ఆడమనిషి గొంతెత్తి, గెంతి ఆడటం ఈ నేలకు కొత్తేమీ కాదు. 2005లో కన్నుమూసిన నిజామాబాద్‌ జిల్లా కళాకారిణి చిందు ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి మెప్పించారు. కాకపోతే ఆ ఆటను మెచ్చుకున్న ఊరే ఆ కులాన్ని దూరంగా ఉంచింది.

దీనికి సముద్రాల అవతల ఓ చుట్టముంది. పేరు పంక్‌. 1970ల్లో పుట్టిన ఈ సంగీతంలో మూడు కార్డ్‌లు వస్తే చాలు, కోపం ఉంటే ఇంకా మంచిది. అందులోనూ పెత్తనం మగవాళ్లదే అయ్యేసరికి, 1990ల మొదట్లో అమెరికా అమ్మాయిలు సొంత బ్యాండ్లు కట్టారు. ఆ ఒరవడికి ‘రయట్‌ గర్ల్‌’ అని పేరు. బికినీ కిల్‌ గాయని క్యాథ్లీన్‌ హానా తన కచేరీల్లో మగపిల్లల్ని వెనక్కి జరగమని, అమ్మాయిల్ని ముందుకు రమ్మని పిలిచేవారు. తోపులాటలో నలిగిపోయేది వాళ్లే మరి!

పాటకు భయపడటంలో మాత్రం దేశాల మధ్య తేడా ఏమంత లేదు. 2012లో మాస్కో చర్చిలో పాడినందుకు పుస్సీ రయట్‌ అమ్మాయిలు ముగ్గురికి రెండేళ్ల జైలుశిక్ష పడింది. విమలక్క నాయకత్వంలోని అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య ఆఫీసుకు 2016 డిసెంబరులో హైదరాబాద్‌ పోలీసులు తాళం వేశారు. అప్పటికి తెలంగాణ వచ్చి రెండేళ్లు దాటింది. ధూంధాంలో ఆడిపాడినవాళ్లలో కొందరు చట్టసభకు వెళ్లారు, చాలామంది సాంస్కృతిక సారథిలో ఉద్యోగులయ్యారు. తప్పని ఎవరంటారు? పొట్ట కూడా నిండాలి. ఆమె మాత్రం బయటే ఉండిపోయారు.

2010 నుంచి ఆమె నడిపిస్తున్న బహుజన బతుకమ్మది ఇంకో దారి. మామూలు బతుకమ్మ దగ్గర ఎవరి వాడ ఆట వాళ్లది. భర్త పోయినావిడ చాలాచోట్ల అరుగు మీది నుంచే చూస్తుంది. ఇక్కడ అందరికీ ఒకటే వలయం, పాటలో మాత్రం భూమీ కూలీ కులమూ అన్నీ వస్తాయి. ఎత్తుకునేదీ ఆడవాళ్లే, అందుకునేదీ ఆడవాళ్లే.

మగవాళ్లు చుట్టూ నిలబడి చూడొచ్చు. డప్పు కొట్టడం వస్తే ఇంకా సంతోషం.