లోడు ఎక్కే చోటే ఆపాలి

ఇనుము, సిమెంటు దుకాణాలుండే ఏ వీధికైనా పొద్దున్నే వెళ్లి చూడండి. దుకాణం ముందు టాటా ఏస్ ఆగి ఉంటుంది. హమాలీలు లోపలి నుంచి ఇనుప ఊచల కట్టలు మోసుకొస్తారు. ఒక్కో ఊచ 12 మీటర్లు, అంటే దాదాపు 40 అడుగులు. మధ్యకు మడిచినా 20 అడుగులు. బండి బాడీ పొడవు ఏడడుగుల చిల్లర. మడిచిన వంపు క్యాబిన్ మీదికి ఎక్కుతుంది, కొసలు వెనక డోరు దాటి రోడ్డు దాకా వేలాడతాయి. ఓ కొసకు ఎర్రగుడ్డ పీలిక కడతారు. గుమాస్తా బిల్లు చేతిలో పెడతాడు. బండి కదులుతుంది. ఊచల కొసలు తారు మీద గీసుకుంటూ నిప్పురవ్వలు రాలుస్తూ పోతాయి. వెనకాలే స్కూటరు మీద బిడ్డను కూర్చోబెట్టుకుని వచ్చే తల్లి ఉంటుంది. సందు తిరిగేటప్పుడు ఆ కొసలు ఎంత మేర ఊగుతాయో డ్రైవరుకు అద్దంలో కనిపించదు.

రోడ్డు మీద ప్రమాదం జరిగాక మనం డ్రైవరును తిడతాం. పోలీసులు అతడి మీదే కేసు పెడతారు. కానీ ఆ నేరం మొదలైంది దుకాణం గుమ్మంలో, అందరి కళ్లెదుట, బిల్లు సాక్షిగా. దాన్ని ఆపాల్సింది కూడా అక్కడే. సరుకు ఎక్కించి పంపిన వ్యాపారిని, క్వారీ యజమానిని, డిపో నిర్వాహకుణ్ని బాధ్యుల జాబితాలో చేర్చనంత కాలం ఎన్ని తనిఖీలు చేసినా ఈ చావులు ఆగవు.

చట్టం లేక కాదు. ఒకప్పుడు సరుకు వెనక్కి ఒక మీటరు దాకా పొడుచుకు రావడానికి నిబంధనల్లో వెసులుబాటు ఉండేది. ఆ ఊచలు గుచ్చుకుని ఎందరో చనిపోతున్నారని సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడ్డాక, 2014లో కేంద్రం దాన్ని రద్దు చేసింది. ఎర్రగుడ్డ కట్టామన్న సమాధానానికి ఆనాడే కాలం చెల్లింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక బరువుకు 20 వేల రూపాయలు, ఆపైన ప్రతి టన్నుకు మరో రెండు వేలు జరిమానా. బాడీ దాటి సరుకు బయటికి వస్తే ఇంకో 20 వేలు. అదనపు సరుకు దించేదాకా బండి కదలకూడదు. ఇదే సెక్షన్‌లో ఎవరూ పట్టించుకోని మాట ఒకటుంది. బండి నడిపినవాడే కాదు, నడిపించినవాడు, నడపడానికి అనుమతించినవాడు కూడా దోషే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరిమానా రసీదు మాత్రం డ్రైవరు చేతికో, బండి యజమాని చేతికో తప్ప మరొకరికి వెళ్లడం మనం చూడం.

బరువు సంగతికొద్దాం. టాటా ఏస్ 2005లో వచ్చింది. ఛోటా హాథీ అన్న పేరుతో పల్లె పల్లెకూ చేరి, వేల కుటుంబాలకు కూడు పెట్టింది. దాని మామూలు మోడల్ మోయాల్సిన బరువు సుమారు 750 కిలోలు. అంటే 50 కిలోల సిమెంటు బస్తాలు పదిహేను. పదిహేనే! 25, 30 బస్తాలు వేసుకుని వెళ్లే ఏస్‌లు మనకు ఎంత అలవాటయ్యాయంటే, పదిహేను బస్తాలున్న బండి సగం ఖాళీగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది. గ్రానైట్ అయితే కంటిని ఇంకా మోసం చేస్తుంది. 18 మిల్లీమీటర్ల మందం పలక చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు తూగుతుంది. తొమ్మిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పలక ఒక్కటే 120 కిలోలు దాటుతుంది. అలాంటివి ఆరు నిలబెడితే ఏస్ మోయగలిగినదంతా అయిపోయినట్టే, బాడీ మాత్రం ముప్పాతిక వంతు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ చూసి ఇంకో నాలుగు పలకలు వేయమనే యజమానికి కాటా అక్కర్లేదు, కళ్లు చాలనుకుంటాడు. ప్రతి బండి ఆర్‌సీలోనూ ఖాళీ బరువు, మొత్తం బరువు రాసి ఉంటాయి. మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేది సరుకుకు, డ్రైవరుకు, పక్కన కూర్చునే మనిషికి కలిపి. ఆ తీసివేత మన దుకాణాల్లో ఎవరూ చేయరు.

అదనపు బరువుకు విరుగుడుగా మెకానిక్ షెడ్లలో కమాన్ పట్టీలు ఒకటో రెండో ఎక్కువ వేయిస్తారు. బండి వెనక కూలబడకుండా నిలబడుతుంది, చూసేవారికి బాగానే ఉన్నట్టనిపిస్తుంది. కానీ పట్టీలు పెరిగితే బ్రేకులు పెరగవు, టైర్ల శక్తి పెరగదు, యాక్సిల్ మారదు. పైగా బరువంతా వెనక చక్రాల అవతలకు పోతే ముందు చక్రాలు తేలిపోతాయి. స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. ఘాట్ రోడ్డు దిగుతూ, వాన పడిన మలుపులో అది జరిగితే డ్రైవరు చేతిలో ఇక ఏమీ ఉండదు.

కట్టే విధానం ఇంకా అధ్వానం. నైలాన్ తాడు సాగుతుంది. రెండు గతుకులు దాటాక సరుకు సర్దుకుంటే తాడు వదులవుతుంది. గ్రానైట్ అంచు మీదుగా వేసిన తాడు రాపిడికి తెగుతుంది. పైన కప్పే పట్టా వానను ఆపుతుంది తప్ప బరువును ఆపదు. బ్రేకు వేసినప్పుడు సరుకు ముందుకు తోసుకొచ్చే శక్తిని దాని బరువులో 80 శాతంగా, మలుపులో పక్కకు లాగే శక్తిని 50 శాతంగా లెక్కగట్టి కట్టాలన్నది యూరప్ దేశాల ప్రమాణం. ఆ లెక్కన 500 కిలోల జనరేటరును ముందుకు 400 కిలోల తోపును, పక్కలకు 250 కిలోల లాగుడును తట్టుకునేలా బిగించాలి. మన దగ్గర దాన్ని ఒక తాడుతో చుట్టి, ఓ హమాలీని ఎక్కించి పట్టుకోమంటారు. ఆ హమాలీ వెనక డోరుకూ జనరేటరుకూ మధ్య ఉంటాడు.

సరిగ్గా కట్టడం పెద్ద విద్య కాదు. బరువైన వస్తువును ముందుగా, కింద, మధ్యలో, క్యాబిన్ గోడకు ఆనించి పెట్టాలి. ఖాళీలుంటే చెక్క ముక్కలతో నింపి కదలకుండా చేయాలి. పలకలను ఏటవాలు స్టాండు మీద రెండు వైపులా సమానంగా నిలబెట్టి, వాటినీ స్టాండునూ కలిపి బిగించాలి. మర ఉన్న రాచెట్ బెల్టులు వాడాలి, పదునైన అంచుల దగ్గర రబ్బరో గోనెసంచి మడతో పెట్టాలి. ఐదారు కిలోమీటర్లు వెళ్లాక ఆగి బెల్టులు మళ్లీ బిగించాలి. సరుకు బండిలో కుదురుకునేది ఆ కాస్త దూరంలోనే. ఇదంతా ఒక పూటలో నేర్పవచ్చు. కానీ నేర్పేవారెవరు? 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది. లక్షల మంది డ్రైవర్ల బతుకుతెరువు నిలబెట్టిన తీర్పు అది, మనం స్వాగతించాలి. అయితే కారు నడపడం నేర్చుకున్న కుర్రవాడే రేపు టన్నున్నర ఇనుముతో బొలెరో పికప్ ఎక్కుతాడు. లైసెన్సు పరీక్షలో లోడు కట్టడం గురించి ఒక్క ప్రశ్న ఉండదు. రవాణా శాఖ ఈ లోటు వెంటనే తీర్చాలి.

సరుకు మీద మనుషులు కూర్చోవడం వీటన్నిటికంటే దారుణం. 2024 సెప్టెంబరులో తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో జీడిపిక్కల బస్తాలతో వెళ్తున్న మినీ లారీ బోల్తా పడి, బస్తాల కింద ఏడుగురు కూలీలు నలిగిపోయారు. 2025 జులైలో అన్నమయ్య జిల్లా పుల్లంపేట మండలంలో మామిడికాయల లారీ తిరగబడి తొమ్మిది మంది కూలీలు చనిపోయారు. వాళ్లు కోసిన కాయలే, వాళ్లు మోసిన బస్తాలే వాళ్ల మీద పడ్డాయి. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి పరిహారం చెల్లించాల్సిన బాధ్యత బీమా సంస్థకు లేదని 2002లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పని చేయించుకున్నవాళ్లు కూలీలను ఇంటికి చేర్చే ఖర్చు మిగుల్చుకుంటే, ఆ కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరగాలి.

డ్రైవర్లకు తెలియక చేస్తున్నారనుకోవడం పొరపాటు. చాలామందికి తెలుసు. బండి ఫైనాన్స్ కిస్తీ నెలనెలా కట్టాలి. కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తారు. రెండు ట్రిప్పుల సరుకును ఒక్క ట్రిప్పులో వేయమని వ్యాపారి అంటాడు. కాదంటే పక్క బండి సిద్ధంగా ఉంటుంది. సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లో అధిక లోడుకూ, సరుకు బండ్లలో మనుషులను ఎక్కించినందుకూ కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపేయమంది. మంచి ఆదేశమే. కానీ దాని దెబ్బ పడేది మళ్లీ డ్రైవరు పొట్ట మీదే. ఎక్కించినవాడు మర్నాడు పొద్దున ఇంకో బండికి ఎక్కిస్తాడు.

కాబట్టి రెండు ప్రభుత్వాలూ చేయాల్సినవి చెబుతున్నాం. ఇనుము, సిమెంటు, గ్రానైట్, ఇసుక అమ్మే ప్రతి చోటా బిల్లుతో పాటు బరువు చీటీ ఇవ్వడం తప్పనిసరి చేయాలి. ఆ చీటీ మీద బండి నంబరు, ఆర్‌సీలోని పరిమితి రాయాలి. పరిమితి దాటిన బండి రోడ్డు మీద పట్టుబడితే 194వ సెక్షన్ కింద మొదటి నోటీసు ఎక్కించిన సంస్థకు వెళ్లాలి, రెండోసారి దొరికితే దాని ట్రేడ్ లైసెన్సు నిలిపేయాలి. రవాణా అధికారులు హైవే పక్కన కాపు కాయడం తగ్గించి క్వారీల గేట్ల దగ్గర, ఇనుము మార్కెట్ల ముందు నిలబడాలి. పొడవు ఊచలను దుకాణంలోనే కోసి ఇచ్చేలా, లేదా పొడవైన బండిలోనే పంపేలా నిబంధన పెట్టాలి. కూలీలను తరలించడానికి వేరే వాహనం ఏర్పాటు చేయని కాంట్రాక్టరుకు ప్రభుత్వ పనులు ఇవ్వకూడదు.

ఇల్లు కట్టుకుంటున్నవారికి కూడా మా విన్నపం. మీ ఇంటికి సరుకు వచ్చే ముందు బండి ఆర్‌సీ అడిగి చూడండి. పదిహేను బస్తాల బండిలో ముప్పై బస్తాలు వస్తే దించుకోకుండా వెనక్కి పంపండి. రెండో ట్రిప్పు కిరాయి మీరే ఇవ్వండి.